ఎలక్ట్రిక్ కారుకు ఇంటి కరెంటు చాలు, పార్కింగులో సాకెట్టే కరువు

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రిక్ కార్ల గురించి పత్రికల్లోనూ టీవీల్లోనూ చర్చ వచ్చినప్పుడల్లా అది రోడ్డు పక్కన పెట్టే ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ల చుట్టూనే తిరుగుతోంది. హైవే మీద ఎన్ని కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉంది, అక్కడ ఎంతసేపు ఆగాలి అన్న ప్రశ్నలు దూర ప్రయాణాలకు ముఖ్యమైనవే. అయితే సొంత కారున్న కుటుంబం నెలలో ఎక్కువ రోజులు తిరిగేది ఊళ్లోనే, కారు రాత్రంతా కదలకుండా ఉండేది ఇంటి దగ్గరే. అందువల్ల ఎలక్ట్రిక్ కారు మధ్యతరగతి కుటుంబానికి అనుకూలిస్తుందా లేదా అనేది చాలావరకు ఇంట్లో ఛార్జింగ్ సాధ్యమా కాదా అన్నదాని మీదే ఆధారపడి ఉంది. విద్యుత్ పంపిణీ రంగంలో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నవాడిగా నాకు అర్థమైన సంగతి ఒకటుంది. కరెంటు ఖర్చు పెద్ద సమస్య కాదు. మన మీటరు నుంచి మన పార్కింగు స్థలానికి ఒక వైరు లాక్కునే హక్కు ఆచరణలో ఎవరూ ఖాయం చేయకపోవడమే అసలు చిక్కు.

ముందుగా ఎంత కరెంటు పడుతుందో చూద్దాం. మన రోడ్ల మీద కనిపించే ఎలక్ట్రిక్ కార్లలో టాటా టియాగో బ్యాటరీలో పట్టే కరెంటు 19.2 లేదా 24 యూనిట్లు, 2020లో వచ్చిన తొలి నెక్సాన్‌ది 30.2 యూనిట్లు, ఎంజీ విండ్సర్ తొలి మోడల్‌ది 38 యూనిట్లు. ఛార్జింగులో వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే, ఇంటి మీటరులో తిరిగిన ఒక్కో యూనిట్‌కు ఈ తరహా కారు ఊళ్లో సుమారు 6 కిలోమీటర్లు నడుస్తుందని లెక్క వేసుకోవచ్చు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే మనిషికి 7 యూనిట్లు కావాలి. ఇంట్లో గీజరుకో ఏసీకో వాడే మామూలు 15 యాంప్స్ సాకెట్ నుంచి కారు తీసుకునేది 3 కిలోవాట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, ఆ 7 యూనిట్లు రెండున్నర గంటల్లో ఎక్కుతాయి. పూర్తిగా ఖాళీ అయిన 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి మాత్రం పది గంటలకు పైగా పడుతుంది. కానీ రోజూ బ్యాటరీని ఖాళీ చేసుకుని ఇంటికి వచ్చేవారు ఎంతమంది ఉంటారు? గోడకు బిగించే 7.2 కిలోవాట్ల ఛార్జరు (వాల్ బాక్స్) పెట్టుకుంటే, కారు కూడా అంత కరెంటు తీసుకోగలిగేదైతే, ఈ సమయం సగానికి పైగా తగ్గుతుంది. అయితే దానికి 32 యాంప్స్ లైను కావాలి, మంజూరైన లోడు, అంటే ఇంటికి ఒకేసారి వాడుకోవడానికి అనుమతించిన పరిమితి, పెంచుకోవాలి, మొత్తం లోడు 5 కిలోవాట్లు దాటితే త్రీ ఫేజ్ సర్వీసుకు మారాలి. టాక్సీలు నడిపేవారికి, రోజూ వంద కిలోమీటర్లకు పైగా తిరిగేవారికి అది అవసరమే. మిగిలిన వారిలో చాలామందికి షోరూములో సేల్స్‌మన్ చెప్పిన మాట మీద ఆ ఖర్చు పెట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక బిల్లు సంగతి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటి వాడే ఇళ్లకు తొలి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున, 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9 రూపాయలు, 401 నుంచి 800 వరకు 9.50 చొప్పున పడుతుంది. నెలకు 250 యూనిట్లు వాడే ఇల్లు ఎనర్జీ ఛార్జీల (వాడిన యూనిట్ల ధర) కింద కట్టేది 1,405 రూపాయలు. ఆ ఇంట్లోకి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఎలక్ట్రిక్ కారు వస్తే ఇంకో 165 యూనిట్లు కలిసి వాడకం 415కు చేరుతుంది, బిల్లు సుమారు 2,830 అవుతుంది. అంటే కారు వల్ల పెరిగింది 1,430 రూపాయల లోపే, కిలోమీటరుకు రూపాయిన్నర కూడా కాదు. ఎండాకాలంలో ఏసీల వల్ల వాడకం అప్పటికే 450 దాటి ఉంటే కారు యూనిట్లన్నీ 9.50 శ్లాబులోనే పడతాయి. అప్పుడు కూడా పెరుగుదల 1,570 రూపాయలు మించదు. స్థిర ఛార్జీలు, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు వంటివి వీటికి అదనం. అయినా లీటరు 107 రూపాయలు దాటిన పెట్రోలుతో, ఊళ్లో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో అదే వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఏడు వేలకు పైనే అవుతుంది.

ఇక్కడ ఒక మెలిక గురించి పాఠకులకు తప్పక చెప్పాలి. తెలంగాణలో నెల వాడకం 200 యూనిట్లు దాటగానే ఇల్లు వేరే వర్గంలోకి మారిపోతుంది, కింది శ్లాబుల్లోని చౌక ధరలు మొదటి యూనిట్ నుంచే పోతాయి. నెలకు 190 యూనిట్లతో సరిపెట్టుకునే చిన్న కుటుంబం ఇప్పుడు కడుతున్నది 772 రూపాయలు. అదే ఇల్లు కారు కోసం 165 యూనిట్లు కలుపుకుంటే బిల్లు 2,285 అవుతుంది. పొదుపుగా వాడుకునే ఆ ఇంటికి కారు యూనిట్ ఒక్కొక్కటి 9 రూపాయల పైన పడుతుంటే, 250 యూనిట్లు వాడే ఇంటికి అదే యూనిట్ 8.65 పడుతోంది. తక్కువ వాడేవాడి మీదే ఎక్కువ భారం పడే ఈ తీరు న్యాయమని నేను అనుకోను. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఈ వర్గాల విభజన లేకుండా అందరికీ ఒకే వరుస శ్లాబులు అమలవుతున్నాయి. అక్కడ 226 నుంచి 400 యూనిట్ల వరకు 8.75, ఆపైన 9.75 పడుతుంది కనుక 225 యూనిట్లు వాడే ఇంటికి కారు వల్ల పెరిగేది సుమారు 1,445 రూపాయలు. కింది శ్లాబుల ధర మాత్రం చెక్కుచెదరదు.

ఇంట్లో కాకుండా బయట ఫాస్ట్ ఛార్జరు మీదే ఆధారపడితే ఈ లెక్క తలకిందులవుతుంది. ఇంటి కరెంటుకు జీఎస్టీ లేదు, బయటి ఛార్జింగ్ సేవకు 18 శాతం ఉంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర యూనిట్‌కు 20 రూపాయలకు అటూ ఇటూగా పెట్టాలి. అంటే ఇంటి ఖర్చుకు రెట్టింపు పైమాటే. ఎలక్ట్రిక్ కారు ధర అదే స్థాయి పెట్రోలు కారు కంటే ఎక్కువగా ఉన్నప్పుడు, ఆ తేడాను కిలోమీటరు ఖర్చులోనే రాబట్టుకోవాలి కదా. ఇంట్లో ఛార్జ్ చేసుకుంటూ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి నెలనెలా ఐదున్నర వేల రూపాయల దాకా మిగులుతుంది. తెలంగాణలో 2024 నవంబరులో ప్రకటించి 2026 డిసెంబరు 31 వరకు వర్తింపజేసిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు దానికి తోడు. నెలకు 300, 400 కిలోమీటర్లకు మించి తిరగని వారికి మాత్రం పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది. వారు తొందరపడక్కర్లేదని నా మిత్రులకు చెబుతూనే ఉన్నాను.

ఇంతవరకు చెప్పినదంతా సొంత పార్కింగులో సొంత సాకెట్ ఉన్నవారికే వర్తిస్తుంది. సొంత ఇల్లు, ముందు గేటు, లోపల కారు నిలిపే చోటు ఉన్నవారికి ఇది ఒక పూట పని. ఊళ్లలో సాయంత్రం ఓల్టేజి పడిపోతే ఛార్జింగ్ ఆగిపోవచ్చు గానీ, రాత్రి పదకొండు దాటాక అక్కడా ఇబ్బంది తక్కువే. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో లక్షల కుటుంబాలు ఉంటున్న అపార్ట్‌మెంట్లలోనే పని జటిలమవుతుంది. మీటర్ల బోర్డు సెల్లారులో ఒక మూలన ఉంటే మన కారు ఇంకో మూలన ఉంటుంది. మధ్యలో వైరు వెళ్లాల్సిన గోడలు, సీలింగు ఉమ్మడి ఆస్తి. వాటి మీద పైపు బిగించాలంటే అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం అనుమతి కావాలి, సంఘంలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా అర్జీ నెలల తరబడి మూలన పడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో నాకు ఎదురైంది ఇదే. ఖర్చంతా నాదే, వైరు నా మీటరు నుంచే, పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే అని రాసిచ్చినా, ‘ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారు’ అన్న ఒక్క మాటతో చాలాకాలం ఆపారు. అందరూ అడగడమే కదా మనకు కావాల్సింది! చివరికి అనుమతి దొరికింది గానీ, అది కమిటీ మారడం వల్ల దొరికింది, నియమం ఉండటం వల్ల కాదు. అద్దెకు ఉండేవారి పరిస్థితి ఇంకా కష్టం. వారు ఇంటి యజమానినీ సంఘాన్నీ ఇద్దరినీ ఒప్పించాలి, ఇల్లు మారిన రోజున వైరు అక్కడే వదిలి వెళ్లాలి.

నియమాలు అసలే లేవని అనలేం. ఇంట్లో లేదా ఆఫీసులో ఉన్న కనెక్షన్‌తోనే వాహనం ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే స్పష్టం చేసింది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఛార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ తీసుకునే వీలు కల్పించాయి. కొత్త భవనాల్లో పార్కింగులో 20 శాతం మేరకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో ఆదర్శ భవన నిబంధనలను సవరించింది. అయితే ఇవన్నీ వినియోగదారుడికీ విద్యుత్ పంపిణీ సంస్థకూ (డిస్కం) మధ్య, బిల్డరుకూ మున్సిపాలిటీకీ మధ్య వ్యవహారాలు. ఇప్పటికే కట్టి ఉన్న భవనంలో ఫ్లాటు యజమానికీ సంఘానికీ మధ్య తేల్చాల్సిన విషయంలో రాష్ట్ర చట్టం మాట్లాడాలి. ఫలానా ప్రమాణాల ప్రకారం, సొంత ఖర్చుతో వైరు వేసుకుంటానని సభ్యుడు అర్జీ పెడితే, భద్రతా కారణం రాతపూర్వకంగా చూపితే తప్ప సంఘం కాదనరాదని, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలని ఒక సవరణ తెస్తే చాలు. దీనికి ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు.

సంఘాలు చెప్పే కారణాల్లో అగ్నిప్రమాదాల భయం ఒకటి. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్ జిల్లాలోనూ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్తలు చదివిన ఏ తండ్రైనా, ఏ తల్లైనా సెల్లారులో ఛార్జింగ్ అంటే వెనకాడటం సహజం. అయితే ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను కఠినం చేసి 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమలులోకి తెచ్చింది. స్కూటర్ నుంచి విప్పి తెచ్చి పడకగదిలో పెట్టే బ్యాటరీకీ, కారు అడుగున బిగించి ఉండి ఉష్ణోగ్రతను, సెల్ సెల్‌కూ ఓల్టేజినీ చూసుకునే నియంత్రణ వ్యవస్థ ఉన్న బ్యాటరీకీ తేడా ఉంది. వృత్తిపరంగా చెప్పాలంటే నన్ను భయపెట్టేది బ్యాటరీ కంటే గోడలోని వైరు.

ఎందుకో కాస్త వివరంగా రాస్తాను. గీజరు పావుగంట, అరగంట పనిచేసి ఆగుతుంది. కారు గంటల తరబడి 13 యాంప్స్‌కు తగ్గకుండా లాగుతూనే ఉంటుంది. పాత ఫ్లాట్లలోని సన్నటి వైరు, వదులైన సాకెట్ పిన్నులు, టేపు చుట్టిన అతుకులు ఆ నిరంతర లోడుకు వేడెక్కి కరుగుతాయి. అందుకే పాత సాకెట్‌ను వాడుకోకుండా మీటరు నుంచి నేరుగా కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 యాంప్స్ వాల్ బాక్స్ అయితే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి విడిగా లోడు మించితే ఆగిపోయే స్విచ్చి (ఎంసీబీ), కరెంటు 30 మిల్లీయాంప్స్ లీకైనా ఆగిపోయే స్విచ్చి (ఆర్‌సీసీబీ) పెట్టించుకోవాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి కిటికీలోంచి వైరు దింపే పని ఎవరూ చేయకూడదు. వానల్లో సెల్లారుల్లో నీళ్లు నిలిచే ప్రాంతాల్లో సాకెట్‌ను నడుముకు పైన బిగించాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్ని సెల్లారులు మునిగాయో మనం చూశాం.

అన్నింటికన్నా నిర్లక్ష్యానికి గురవుతున్నది ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు. కారుతో ఇచ్చే ఛార్జింగ్ కేబుల్‌లోని పెట్టె, కరెంటు వదిలే ముందు ఎర్త్ సరిగా ఉందో లేదో పరీక్షిస్తుంది. లేకపోతే ఎర్ర దీపం వెలిగించి ఆగిపోతుంది. హైదరాబాద్‌లో రాతి నేల కావడం వల్ల ఎర్త్ పైపు పాతిన గుంత (ఎర్త్ పిట్) త్వరగా ఎండిపోతుంది. బిల్డరు ఫ్లాట్లు అప్పగించాక ఆ గుంతలో నీళ్లు పోసినవారు ఉండరు, ఎక్కడుందో కూడా వాచ్‌మన్‌కు తెలియదు. కోస్తాలో తడికి కొదవ ఉండదు గానీ ఉప్పు గాలికి, నేలకు ఆ పైపు తుప్పు పట్టిపోతుంది. ఇలాంటి చోట ఎర్ర దీపం వెలిగితే కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే వైరుకు) కలిపేసి, ‘డమ్మీ ఎర్త్’ అని చెప్పి, కారు ఛార్జ్ అయ్యేలా చేసి డబ్బు తీసుకుని వెళ్తున్నారు. పెట్టె మోసపోతుంది, దీపం పచ్చగా మారుతుంది. ఏ అర్ధరాత్రో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందంటే కారు లోహభాగమంతా కరెంటు పాకుతుంది. తెల్లవారుజామున తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి ఆ కారు కడిగేది మన వాచ్‌మన్, లేదా అతని భార్య. ఈ ఒక్క కారణం చేతనైనా ప్రతి కారు ఛార్జింగ్ పాయింట్‌కూ ఎర్త్ నిరోధాన్ని కొలిచి ధ్రువపత్రం ఇవ్వడం తప్పనిసరి చేయాలి. సంఘాలు అనుమతి పత్రానికి (ఎన్‌వోసీ) పెట్టాల్సిన షరతు ఇదే. దాన్ని పెడితే నేను సంతోషిస్తాను.

డిస్కంల ఆందోళన మరొకటి. యాభై ఫ్లాట్ల భవనంలో పది కార్లు సాయంత్రం ఏడున్నరకు ఒకేసారి ఛార్జింగ్ మొదలుపెడితే, ఏసీలు, వంటింటి వాడకంతో అప్పటికే బరువెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ మీద 30 కిలోవాట్లు అదనంగా పడతాయి. అవే కార్లు రాత్రి పదకొండు తర్వాత మొదలుపెడితే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇబ్బంది ఉండదు, తెల్లారేసరికి కార్లూ సిద్ధంగా ఉంటాయి. చాలా కార్లలో ఛార్జింగ్ మొదలయ్యే సమయాన్ని ముందే పెట్టుకోవచ్చు. కానీ ఏ గంటలో వాడినా ఒకే ధర అయినప్పుడు జనం అర్ధరాత్రి దాకా ఎందుకు ఆగుతారు? తెలంగాణలో ఛార్జింగ్ కనెక్షన్‌కు యూనిట్ 6 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6.70 అని ప్రత్యేక టారిఫ్ ఇప్పటికే ఉంది. ఇంటి శ్లాబుల్లో పై మెట్టు కంటే ఇది తక్కువే. కానీ దానికి రెండో సర్వీసు, రెండో మీటరు, డిపాజిట్లు కావాలి, స్థిర ఛార్జీ ఉన్నచోట అది నెలనెలా కట్టాలి. ఒక్క కారున్న ఇంటికి నెలకు మిగిలే నాలుగు వందల రూపాయల్లో చాలా భాగం ఇందులోనే కరిగిపోతుంది. దీనికి బదులు ఉన్న మీటరు వెనకే కారు లైనుకు ఒక ఉప మీటరు పెట్టి, రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు వరకు దానిలో నమోదైన యూనిట్లను ఇంటి శ్లాబుల నుంచి వేరు చేసి ఛార్జింగ్ టారిఫ్‌లో లెక్కగడితే, పైన చెప్పిన 200 యూనిట్ల మెలిక కూడా తొలగిపోతుంది. ఏ సమయంలో ఎంత వాడారో నమోదు చేసే స్మార్ట్ మీటర్లు వచ్చినచోట ఇది సాఫ్ట్‌వేర్ పని మాత్రమే.

సోలార్ గురించి కూడా ఒక మాట. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు 78 వేల రూపాయల రాయితీ వస్తుందని చాలామందికి తెలుసు. అపార్ట్‌మెంట్ సంఘాలు ఉమ్మడి అవసరాల కోసం పెట్టుకునే ప్లాంటుకు కిలోవాటుకు 18 వేల చొప్పున రాయితీ ఉందని, ఆ ఉమ్మడి అవసరాల్లో వాహనాల ఛార్జింగ్‌ను కూడా పేర్కొన్నారని తెలిసినవారు తక్కువ. మేడ మీద ఖాళీ ఉన్న సంఘాలు ఒక సమావేశంలో దీన్ని చర్చకు పెట్టుకోవాలని కోరుతున్నాను. లిఫ్టు, బోరు మోటారు, సెల్లారు దీపాలు, రెండు మూడు ఛార్జింగ్ పాయింట్లు, అన్నీ దానిలో కలుస్తాయి.

విద్యుత్ నియంత్రణ మండళ్లు టారిఫ్ ఖరారు చేసే ముందు ప్రజల నుంచి రాతపూర్వక అభ్యంతరాలు తీసుకుంటాయి, బహిరంగ విచారణ జరుపుతాయి. అక్కడ గృహ వినియోగదారుల తరఫున మాట్లాడేవారు ఎప్పుడూ తక్కువే. ఎలక్ట్రిక్ కారు కొన్నవారు, కొనాలనుకుంటున్నవారు ఈసారి ఉప మీటరు, రాత్రి టారిఫ్ అనే రెండు కోరికలను రాసి పంపాలి. అపార్ట్‌మెంట్ సంఘాలకు వర్తించే సవరణ కోసం తమ శాసనసభ్యులను అడగాలి. రెండు రాష్ట్రాల డిస్కంలు కూడా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ల జాబితాను, ఇంటి ఛార్జింగ్ పాయింట్‌కు కావాల్సిన వైరు, ఎర్తింగ్ కొలతలను తెలుగులో ఒక్క పేజీలో అచ్చు వేసి సెక్షన్ ఆఫీసుల్లో అంటించాలి. లోడు పెంచమని అర్జీ పట్టుకుని వచ్చినవాడి చేతికి అక్కడి సిబ్బంది ముందుగా ఆ కాగితం ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు,
హైదరాబాద్